గొర్రె అడ్డొచ్చిన పందెం

వి.కోట నుంచి పేర్నంబట్టు పోయే దారిలో మొన్న మా కారు టైరు పంక్చరైంది. దగ్గర్లోనే ఒక పంక్చర్ షాపు ఉంటే అక్కడే నిలిపాం. షాపు కుర్రాడు జాకీ ఎక్కిస్తూ "స్టెప్నీ ఉందా సార్?" అన్నాడు. అదే సమయానికి రోడ్డు నిండా గొర్రెల మంద వచ్చింది. అటు టమాటా క్రేట్ల వ్యాను, ఇటు కె.జి.ఎఫ్. బస్సు, రెండూ ఆగిపోయాయి. బస్సు డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. మందను తోలుకొచ్చే పెద్దాయన భుజం మీది కర్రను కిందికి దించి, "రవ్వంతసేపు నిలుపుకో నాయనా, గొర్రికి దావ తెలీదు గదా" అన్నాడు.

నాకు చప్పున సిల్వర్‌స్టోన్ గొర్రె గుర్తొచ్చింది. ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ తొలి పందెం జరిగిన చోటు అదే. ఆ మహా వైభవానికి మూడేళ్ల ముందు అక్కడ జరిగిన మొట్టమొదటి పందెంలో ఒక గొర్రె ప్రాణం పోయింది. ఆ పందేన్ని ఇంగ్లండులో ఇప్పటికీ 'మటన్ గ్రాండ్ ప్రి' అంటారు. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి దీని చుట్టాలు పక్కాలను వెతుకుతూనే ఉన్నాను.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాల సిబ్బందికి తర్ఫీదు ఇవ్వడానికి 1943లో ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ పల్లె పక్కన విమానాశ్రయం కట్టారు. యుద్ధం ముగిసింది, విమానాలు వెళ్లిపోయాయి. చేల మధ్య కాంక్రీటు రన్‌వేలు మిగిలాయి, వాటి మీద గొర్రెలు మేస్తున్నాయి. ఆ ఊళ్లో ఉండే మారిస్ గోగన్ అనే ఆయనకు ఆ జాగా ఖాళీగా ఉందని తెలుసు. 1947 సెప్టెంబరులో స్నేహితులను వెంటబెట్టుకుని అక్కడికి పోయాడు. పన్నెండు మంది కలిసి సుమారు రెండు మైళ్ల చుట్టు ఒకటి అనుకుని పందెం వేసుకున్నారు. టికెట్లు లేవు, జెండాలు లేవు, అనుమతీ లేదు. ఉన్నట్టుండి ఒక గొర్రె కాంక్రీటు మీదికి వచ్చింది. గోగన్ కారు కిందే పడింది. గొర్రె చచ్చిపోయింది, కారు మళ్లీ పనికి రాకుండా పోయింది.

ఏడాది తిరక్కుండానే అక్కడి రాయల్ ఆటోమొబైల్ క్లబ్ ఆ జాగాను కౌలుకు తీసుకుంది. జేమ్స్ బ్రౌన్ అనే రైతును పిలిచి, రెండు నెలల్లోపు దీన్ని పందెం బాటగా మార్చమంది. ఆయన మార్చాడు. మలుపుల దగ్గర గడ్డి మోపులు పేర్చారు, జనం దాటిరాకుండా తాళ్లు కట్టారు. 1948 అక్టోబరు 2న పందెం పెడితే లక్ష మంది దాకా వచ్చారని అంచనా. ఇటలీ వాడు లుయీజీ విల్లోరేజీ మాసెరాటి కారులో గెలిచాడు.

1950 మే 13న ప్రపంచ ఛాంపియన్‌షిప్ తొలి పందెం అక్కడే జరిగింది. ఆరో జార్జి రాజు, రాణి వచ్చి చూశారు. పందెంలో దిగిన కార్లు ఇరవై ఒకటి. మొదటి మూడు స్థానాలూ ఆల్ఫా రోమియోలవే. ఆ కార్లు యుద్ధానికి ముందు తయారైనవి. జర్మన్ సైన్యం కంట పడకుండా ఇటలీలో ఒక చీజ్ ఫ్యాక్టరీలో దాచి కాపాడుకున్నారని చెబుతారు. న్యాయశాస్త్రం చదివిన నీనో ఫరీనా గెలిచాడు. మూడో స్థానంలో వచ్చిన రెగ్ పార్నెల్ కారుకు దారిలో కుందేలు అడ్డొచ్చింది. ఆ దెబ్బ గుర్తుతోనే ఆయన గెలుపు గీత దాటాడు. ఆ రోజు బరిలో సయాం రాకుమారుడు బీరా కూడా ఉన్నాడు. ఛాంపియన్‌షిప్‌లో కారు తోలిన తొలి ఆసియా వాడు ఆయనే. రాజు, రాకుమారుడు, రైతు, కుందేలు ఒక్క మైదానంలో కలిసిన ఆ మూడు నాలుగేళ్ల కాలమంటే నాకు ప్రాణం. ఆ తర్వాత పందేల్లో వేగం చాలా పెరిగింది. ఆ కలగలుపు మాత్రం తిరిగి రాలేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. గ్రాండ్ ప్రి అంటే ఫ్రెంచిలో పెద్ద బహుమతి. గుర్రప్పందేల నుంచి వచ్చిన మాట. కారు పందేలు మొదలైంది మామూలు దారుల మీదే, ఊరి నుంచి ఊరికి. 1903లో పారిస్ నుంచి మాడ్రిడ్‌కు పందెం పెడితే దుమ్ములో ముందున్న మనిషి కనబడక కార్లు జనంలోకి, చెట్లలోకి దూసుకుపోయాయి. కారు కంపెనీ స్థాపించిన అన్నదమ్ముల్లో ఒకడైన మార్సెల్ రెనో ఆ పందెంలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. సర్కారు బోర్డో ఊరి దగ్గరే పందెం ఆపేసింది. ఇంజన్లు స్టార్టు చెయ్యడానికి వీల్లేదంది. కార్లను గుర్రాలకు కట్టి రైల్వే స్టేషనుకు ఈడ్చుకుపోయారు.

అప్పటి నుంచి ఊరి నుంచి ఊరికి కాక, చుట్టూ కంచె కట్టిన దారిలో తిరిగే పందెం కావాలన్నారు. అలా 1906 జూన్ 26, 27 తేదీల్లో ఫ్రాన్సులోని ల మాన్ పక్కన తొలి గ్రాండ్ ప్రి జరిగింది. ఒక చుట్టు 103 కిలోమీటర్లు. రోజుకు ఆరు చుట్ల చొప్పున రెండు రోజులు. దుమ్ము లేవకుండా దారికి తారు పూశారు. జూన్ ఎండకు ఆ తారు కరిగి, చక్రాల కింది నుంచి రాళ్లతో కలిసి ఎగిరి డ్రైవర్ల మొహాన పడింది. రెనో జట్టులో ఎడ్మండ్ అనే ఆయన కళ్లద్దాలు పగిలి తారు కళ్లలోకి పోయింది. చూపు ఆనక చివరికి ఆయన పందెం విడిచిపెట్టాడు. చిత్తూరు జిల్లాలో మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా తారు రోడ్డు దాటినవాళ్లకు ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

మొదటి రోజు అయ్యాక కార్లన్నిటినీ రాత్రికి ఒక ఆవరణలో పెట్టి కాపలా పెట్టారు. ఎవరూ వాటి మీద చెయ్యి వెయ్యకూడదు. తెల్లారాక కూడా బయలుదేరే గీత దాకా ఇంజను వెయ్యకూడదు. అందుకని మళ్లీ గుర్రాలనే పిలిచారు. ప్రపంచంలోకెల్లా వేగమైన కారును ఒక గుర్రం నింపాదిగా లాక్కుపోతున్న ఆ పొద్దును నేను కళ్లు మూసుకుని చూడగలను.

గెలిచినవాడు ఫెరెంక్ సిజ్. హంగరీ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన మెకానిక్కు. గెలుపులో సగం పుణ్యం మిషెలిన్ కంపెనీ చేసిన ఊడదీసే రిమ్ముది. అప్పట్లో టైరు పోతే డ్రైవరు, పక్కనున్న మెకానిక్కు ఇద్దరే దారిలో కూర్చుని పాత టైరును కత్తితో కోసి, కొత్తది ఎక్కించి, గాలి కొట్టాలి. దానికి పావుగంట పట్టేది. సిజ్ కారుకు మాత్రం గాలి నింపిన టైరు తొడిగిన రిమ్ములు సిద్ధంగా ఉండేవి. నట్లు విప్పి, పాత రిమ్ము పీకి, కొత్తది బిగిస్తే చాలు, రెండు మూడు నిమిషాల్లో పని ముగిసేది. రెండో స్థానం వాడికంటే ఆయన అరగంటకు పైగా ముందొచ్చాడు. బహుమతి 45,000 ఫ్రాంకులు, అంటే అప్పట్లో 13 కిలోల బంగారం విలువ.

ఇక్కడే పంక్చర్ షాపు కుర్రాడి మాటకు చుట్టరికం కలుస్తుంది. అదే కాలంలో, 1904 ప్రాంతంలో, వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్లో డేవిస్ సోదరులు పంక్చరైన చక్రం పక్కన బిగించుకునే అదనపు రిమ్మును తయారుచేశారు. వాళ్ల షాపున్న వీధి పేరు స్టెప్నీ. ఇంగ్లండులో ఆ మాట ఎప్పుడో మరుగున పడింది. మన దగ్గర లారీ క్లీనర్ల నోట, ఆటోస్టాండుల్లో, పంక్చర్ షాపుల్లో నూరేళ్లకు పైగా బతికే ఉంది. ఏ వీధిదో తెలియకుండానే ఆ పేరును మనం కాపాడుకున్నాం.

ఆ తర్వాతి యాభై ఏళ్లను గబగబా దాటేస్తాను. పందేలు పెరిగాయి, దేశాల పౌరుషానికి జెండాలయ్యాయి, యుద్ధంతో ఆగి మళ్లీ మొదలయ్యాయి. ఒక్క 1957 ఆగస్టు 4 దగ్గర మాత్రం ఆగాలి. జర్మనీ కొండల్లోని నూర్‌బర్గ్‌రింగ్. ఒక్కో చుట్టు దాదాపు 23 కిలోమీటర్లు, అంతా మలుపులే. నలభై ఆరేళ్ల డ్రైవరు ఫాంజియో టైర్లు మార్చుకోవడానికి ఆగాడు. ఒక చక్రం నట్టు కారు కింద ఎక్కడో పడిపోయి, వెతకడంలో కాలం పోయింది. ముందున్న వాళ్లకు ముప్పావు నిమిషం వెనకబడ్డాడు. ఇక చుట్టు చుట్టుకూ తన రికార్డును తానే బద్దలు కొడుతూ, చివరి ముందు చుట్టులో ఇద్దరు కుర్రాళ్లను దాటేసి గెలిచాడు. ఆయన చివరి గెలుపు అదే, ఐదో ఛాంపియన్‌షిప్పూ దానితోనే ఖాయమైంది.

మన వైపుకొస్తే, సిల్వర్‌స్టోన్‌కు అచ్చం చెల్లెలు లాంటిది ఒకటుంది. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో చోళవరం. అక్కడా రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వేనే. అక్కడా యుద్ధం పోయాక కాంక్రీటు మిగిలింది. 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పుట్టాక చోళవరం దక్షిణాది కారు పందేలకు పుట్టిల్లయింది. ఫిబ్రవరి వస్తే చాలు, మద్రాసు కాలేజీ కుర్రాళ్ల దగ్గర్నుంచి చుట్టుపక్కల తెలుగు, తమిళ పల్లెల వాళ్ల దాకా ఎండలో నిలబడి చూసేవాళ్లు. ఇంట్లో తిరిగే ఫియట్, హెరాల్డు కార్లే విప్పి, తేలిక చేసి, పందేనికి తెచ్చేవాళ్లు. వాటి మధ్యనే ఒకప్పటి ఫార్ములా వన్ కారు ఎన్‌సైన్ కూడా ఆ రన్‌వే మీద పరుగెత్తింది.

కోయంబత్తూరు నుంచి కూడా మనుషులు అక్కడికి వచ్చేవాళ్లు. కోయంబత్తూరు నాయుళ్ల ఇళ్లల్లో మాట తెలుగే. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి, దాన్ని స్వయంగా తోలి, తర్వాత ఎన్నో యంత్రాలు కనిపెట్టిన జి.డి. నాయుడు ఆ ఊరివాడే. 1910లో కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్స్ కుటుంబంలో 1954లో పుట్టినవాడు సుందరం కరివర్ధన్. అందరికీ కరి. మిల్లు ఇంట పుట్టినా చేతికి గ్రీజు అంటించుకున్నాడు. విదేశీ కార్లు కొనే స్తోమత రాజులకూ వ్యాపారులకూ మాత్రమే ఉన్న రోజుల్లో, పందెం కారు మనమే చేసుకోవచ్చని చేసి చూపించాడు. ఊళ్లో ప్రతి వీధిలో తిరిగే మారుతి 800 ఇంజను తీసి, ఒంటి సీటు పందెం కారులో పెట్టాడు. అదే ఫార్ములా మారుతి. మారుతి ఇంజను విప్పి బిగించడం తెలిసిన మెకానిక్కు వి.కోటలోనూ దొరుకుతాడు. కరి చేసిన అసలు గొప్ప పని అది. పందేన్ని మెకానిక్కు చేతికి అందే ఎత్తుకు దించాడు. 1995 ఆగస్టులో విమాన ప్రమాదంలో పోయాడు, నలభై ఒక్క ఏళ్లకే. కోయంబత్తూరు దగ్గరి పందెం బాటకు ఆయన పేరే పెట్టారు.

ఆ ఫార్ములా మారుతితోనే ఓనమాలు దిద్దాడు కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్. 2005 మార్చిలో మెల్‌బోర్న్‌లో జోర్డాన్ కారు ఎక్కి, ఫార్ములా వన్ పందెంలో దిగిన తొలి భారతీయుడయ్యాడు. అదే ఏడు జూన్ 19న ఇండియానాపొలిస్‌లో వింత జరిగింది. మిషెలిన్ టైర్లు అక్కడి వాలు మలుపును తట్టుకోలేవని తేలింది. ఆ టైర్లున్న పద్నాలుగు కార్లు ఒక్క చుట్టు నెమ్మదిగా తిరిగి, పందెం మొదలయ్యేలోపు గ్యారేజీల్లోకి వెళ్లిపోయాయి. మిగిలిన ఆరు కార్లలో నరేన్ నాలుగోవాడుగా వచ్చి ఐదు పాయింట్లు సంపాదించాడు. భారతీయుడికి తొలి పాయింట్లు అవి. ఆరు కార్ల పందెం కదా అని కొందరు తేలిక చేస్తారు. నేను చెయ్యను. టైర్లు మార్చడంలో మిషెలిన్ చూపిన తెలివితో 1906లో ఒక మెకానిక్కు గెలిచాడు. తొంభై తొమ్మిదేళ్ల తర్వాత అదే మిషెలిన్ టైరు ఓడిపోతే, మారుతి ఇంజనుతో మొదలైన మన కుర్రాడు చరిత్రకెక్కాడు.

2011 అక్టోబరులో ఢిల్లీ పక్కన తొలి ఇండియన్ గ్రాండ్ ప్రి. కోట్లు పోసి కట్టిన బాట మీదికి మొదటి రోజు మొదటి ప్రాక్టీసులోనే ఒక వీధికుక్క వచ్చింది. పరుగు ఆపాల్సి వచ్చింది. లోకం నవ్వింది. నాకు మాత్రం కుందేలు, గొర్రె గుర్తొచ్చాయి. మూడేళ్లకే ఆ పందెం ఆగిపోయింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుసేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఏళ్ల తరబడి బస్సులు తిరిగిన రోడ్డు మీదే ప్రపంచ ఛాంపియన్‌షిప్ పందెం చూడడం తెలుగువాళ్లకు అదే తొలిసారి. మరుసటి ఏడు అది లేదు.

చోళవరం వైభవం 1990లో శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైకి మారింది. అక్కడ కట్టుదిట్టమైన బాట ఉంది, భద్రత ఉంది. భద్రత కావాలి, మార్సెల్ రెనో లాంటివాళ్ల చావులు మళ్లీ వద్దు. కానీ కంచె బయట మిగిలిపోయినవాళ్ల గురించి కూడా ఎవరైనా బాధపడాలి. పల్లె నుంచి నడిచొచ్చి చూసినవాడు, ఇంటి కారు విప్పి తెచ్చినవాడు, రెండు నెలల్లో పొలాన్ని పందెం బాట చేసిన రైతు, వీళ్లంతా ఈ ఆటను కన్నవాళ్లే.

ఇప్పుడు వి.కోట పక్కగా బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే వస్తోంది. హోస్కోటెలో మొదలై, మన మల్బరీ తోటలు, టమాటా చేల మధ్యగా పోయి, శ్రీపెరుంబుదూరులో ఆ పందెం బాటకు దగ్గర్లోనే ముగుస్తుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగానికి వేసిన దారి. మంద దాని మీదికి ఎక్కడానికి వీల్లేదు, కింది దారిన పోవాల్సిందే.

టైరు బిగించడం అయ్యేలోపు ఈ గొర్రె కథంతా ఆ పెద్దాయనకు చెప్పాను. కర్ర మీద గడ్డం ఆనించుకుని విన్నాడు. కారు ఎవరిది, ఎవరు గెలిచారు, ఎంత వేగం, ఇవేవీ ఆయన అడగలేదు.

"మల్ల ఆ గొర్రికి దుడ్లిచ్చినారా సామీ?" అన్నాడు.