టైమయింది, ఇక దయచేయండి

మన భాషలో 'దయచేయండి' అన్న మాట భలే గడుసుది. గుమ్మంలో నిలబడ్డ అల్లుడితో అంటే లోపలికి రమ్మని. దానికి ముందు 'ఇక' చేర్చి అంటే బయటికి నడవమని. ఇంగ్లండు పబ్బుల్లో ఈ రెండో అర్థానికి వందేళ్ళ పైచిలుకు చరిత్ర ఉంది. ఆన్‌సైటు పేరుతో అక్కడికి వెళ్ళిన మనవాళ్ళలో చాలామందికి ఆ చరిత్ర తెలియకుండానే దాని దెబ్బ తగిలి ఉంటుంది.

శుక్రవారం సాయంత్రం టీమంతా కలిసి పబ్బుకెళ్తారు. మనవాడు ఆరెంజ్ జ్యూసో, అర గ్లాసు బీరో పట్టుకుని క్లయింటు మేనేజరుతో నింపాదిగా క్రికెట్ కబుర్లు చెబుతుంటాడు. టంగుమని గంట కొడతారు. కాసేపటికల్లా లైట్లన్నీ భగ్గున వెలుగుతాయి, కుర్చీలు బల్లలెక్కుతాయి, తలుపు దగ్గర నల్లకోటు వేసుకున్న ఆరడుగుల శాల్తీ ఒకటి గొర్రెల్ని తోలినట్టు అందర్నీ బయటికి తోలడం మొదలెడుతుంది. మనవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. "నా రంగు చూసే కదా వాడు అలా అరిచాడు?" అని.

అయ్యుండచ్చు, కాకపోవచ్చు. నేననుకునేదేమంటే, ఆ తలుపు దగ్గర ఎదురయ్యే మొరటుతనం రెండు రకాలు. ఒకటి గడియారం చూసి వచ్చేది, రెండోది మొహం చూసి వచ్చేది. రెండూ వినడానికి ఒకేలా ఉంటాయి గానీ పుట్టుక వేరు, మందు వేరు (ఈ మందు ఆ మందు కాదు లెండి).

ముందు గడియారం సంగతి చూద్దాం. 1914కి ముందు లండన్ పబ్బులు తెల్లవారి 5 గంటల నుంచి అర్ధరాత్రి పన్నెండున్నర దాకా తెరిచి ఉంచుకోవచ్చు. రోజుకి పంతొమ్మిదిన్నర గంటలు! ఆ ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. మందుగుండు ఫ్యాక్టరీల్లో, ఓడలు కట్టే రేవుల్లో కూలీలు తాగి పనికి రావట్లేదని గోల మొదలైంది. మనకి ముగ్గురు శత్రువులు, జర్మనీ, ఆస్ట్రియా, తాగుడు, వీళ్ళలో చివరిదే అందరికన్నా పెద్దది అన్న ధోరణిలో 1915లో లాయిడ్ జార్జ్ ఉపన్యాసమిచ్చాడు. అప్పటికి ఆయన ఆర్థిక మంత్రి, తర్వాత ప్రధానమంత్రి. అదే ఏడాది మద్యం వ్యాపారం మీద పెత్తనానికి సెంట్రల్ కంట్రోల్ బోర్డు అని ఒకటి పెట్టారు. అది గీసిన గీత ప్రకారం మధ్యాహ్నం 12 నుంచి 2:30, సాయంత్రం 6:30 నుంచి తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా. పంతొమ్మిదిన్నర గంటలు కాస్తా ఐదున్నర గంటలయ్యాయి.

అదే బోర్డు ఇంకో వింత నిబంధన కూడా తెచ్చింది. ఒకరికి ఇంకొకరు మందు కొనిపెట్టకూడదు! "బిల్లు నేనిస్తా", "కాదు నేనిస్తా" అని కౌంటరు దగ్గర మనవాళ్ళు చేసే కుస్తీ ఉంది చూశారూ, అది అక్కడ 1915లో నేరమన్నమాట. ఇక కార్లైల్ ఊళ్ళో అయితే 1916లో పబ్బుల్ని, సారాబట్టీల్ని ఏకంగా ప్రభుత్వమే కొనేసి, 1970ల మొదట్లో అమ్ముకునే దాకా తనే నడిపింది.

యుద్ధం అయిపోయింది. గడియారం మాత్రం పోలేదు. 1921 చట్టం గంటల్ని కాస్త పెంచింది గానీ మధ్యాహ్నం మూత, రాత్రి పదికో పదకొండుకో మూత అలాగే ఉంచేసింది. మనం హడావుడిలో పెట్టిన తాత్కాలిక ప్యాచ్ ప్రొడక్షన్‌లో ఏళ్ళ తరబడి నడిచిపోవడం మనకి కొత్తేం కాదు కదా. మధ్యాహ్నం మూత ఇంగ్లండులో 1988 దాకా ఉంది. దేశమంతటికీ రాత్రి 11కి ఒకే గంట అన్న పద్ధతి 2005 దాకా సాగింది.

ఈ గంట వెనక ఉన్న మెలిక చాలామందికి తెలియదు. 1964 చట్టం ప్రకారం టైము దాటాక మందు అమ్మినవాడిదే కాదు, అక్కడ కూర్చుని తాగినవాడిదీ నేరమే. గ్లాసులో మిగిలింది గొంతులో పోసుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు పది నిమిషాలు. ఆ గడువైనా 1961లో వచ్చింది. 1988లో దాన్ని ఇరవై చేశారు. ఇరవై ఒకటో నిమిషంలో గ్లాసు మీ చేతిలో ఉంటే ఓనరు లైసెన్సుకే ఎసరు. రాత్రి 11:20కి అంతసేపూ నవ్వుతూ మాట్లాడిన పబ్బువాడు ఒక్కసారిగా జైలరు అవతారం ఎందుకెత్తుతాడో ఇప్పుడు అర్థమయ్యుండాలి. తప్పతాగినవాణ్ణీ గొడవ చేసేవాణ్ణీ బయటికి గెంటే హక్కు 1872 చట్టమే ఓనరుకి ఇచ్చింది. పొమ్మన్నా పోకపోతే జరిమానా 5 పౌండ్ల దాకా. గెంటడానికి సాయం కావాలని ఓనరు అడిగితే పోలీసు కానిస్టేబులు చేసి తీరాలి.

గడియారం మనుషుల్ని ఎంత మొరటుగా చేయగలదో చూడాలంటే ఇంగ్లండు చాలదు, ఆస్ట్రేలియా వెళ్ళాలి. 1916 ఫిబ్రవరిలో సిడ్నీ దగ్గర శిక్షణలో ఉన్న సైనికులు, డ్రిల్లు గంటలు పెంచారన్న కోపంతో క్యాంపు వదిలి ఊరి మీద పడ్డారు. హోటళ్ళు దోచి పీపాలకి పీపాలు తాగేశారు. సెంట్రల్ రైల్వే స్టేషన్లో కాల్పులు జరిగి ఒక సైనికుడు చనిపోయాడు. బార్లు త్వరగా మూయాలని ఎప్పట్నించో అడుగుతున్న మద్యనిషేధ ఉద్యమకారులకి ఇంతకన్నా ఏం కావాలి? ఆ జూన్‌లో ఓటింగు పెడితే న్యూ సౌత్ వేల్స్ జనం సాయంత్రం ఆరింటికే మూసేయమన్నారు. సౌత్ ఆస్ట్రేలియా, విక్టోరియా, టాస్మేనియాల్లో కూడా 1916లోనే ఆరు గంటల మూత వచ్చింది. 1917 చివర్లో న్యూజీలాండు చేరింది.

ఆఫీసులు, ఫ్యాక్టరీలు వదిలేది ఐదింటికి. బారు మూసేది ఆరింటికి. ఇక చూస్కోండి! రాత్రంతా మెల్లగా తాగేది ఒక్క గంటలో లాగించాలి. ఈ గంటకి వాళ్ళే 'సిక్స్ ఓ క్లాక్ స్విల్' అని పేరు పెట్టుకున్నారు. స్విల్ అంటే కుడితి. ఆరు గంటల కుడితి. ఎక్కువమంది పట్టాలని బల్లలు, బిలియర్డ్స్ టేబుళ్ళు తీసిపారేసి కౌంటర్లు పొడుగు చేశారు. కడుక్కోవడానికి వీలుగా గోడలకి టైల్స్ వేశారు, ఎందుకో నేను వివరంగా చెప్పక్కర్లేదనుకుంటా. జనాన్ని కౌంటరు దగ్గరికి పిలిచి గ్లాసు నింపేంత తీరిక లేక గొట్టాలతోనే గ్లాసుల్లోకి బీరు పోసేవాళ్ళు. మెల్‌బోర్న్ చిత్రకారుడు జాన్ బ్రాక్ 1954లో 'ది బార్' అని ఒక బొమ్మ వేశాడు. మట్టిరంగు మొహాలు, ఒకే మూసలో పోసినట్టు కోట్లు, టోపీలు. తాగడానికి వచ్చినవాళ్ళలా ఉండరు, రేషను క్యూలో నిలబడ్డవాళ్ళలా ఉంటారు.

ఈ కుడితి ఎన్నాళ్ళు నడిచిందో తెలుసా? న్యూ సౌత్ వేల్స్‌లో 1955 దాకా, విక్టోరియాలో 1966 దాకా, సౌత్ ఆస్ట్రేలియా, న్యూజీలాండుల్లో 1967 దాకా. రెండు తరాలు! తాగుడు తగ్గిద్దామని పెట్టిన నియమం తాగే పద్ధతినే పశువుల తొట్టి చేసింది. అప్పటి బారు ఉద్యోగి ఎంత మర్యాదస్తుడైనా కావచ్చు, ఆరింటికి ఆ గుంపుని వీధిలోకి తొయ్యడానికి మర్యాద పనికొచ్చేది కాదు. సర్వరు రీస్టార్టయితే యూజర్లందరూ ఒకే సెకనులో లాగిన్ కొడితే ఏమవుతుందో మనకి తెలుసు. ఇది దానికి తిరకాసు, అందరూ ఒకే సెకనులో లాగౌట్.

ఇప్పుడు రెండో రకం. 1960ల మొదట్లో బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్ అనే ఊళ్ళో ఇనుప ఫౌండ్రీల్లో పనిచేసే పంజాబీలు చాలామంది ఉండేవాళ్ళు. సాయంత్రం పబ్బుకెళ్తే చౌక గదిలోకి మాత్రమే రానిచ్చేవాళ్ళు, కాస్త మంచి గదిలోకి ప్రవేశం లేదు. కొన్నిట్లో అసలు గుమ్మమే ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. టైముతో సంబంధం లేదు, ఉన్నదల్లా చర్మంతోనే. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్‌లో పనిచేసిన అవతార్ సింగ్ జౌహల్, ఆయన మిత్రులు దీన్ని రుజువు చేయడానికి ఒక చక్కటి ఉపాయం చేశారు. ముందు తెల్ల విద్యార్థుల్ని పంపేవాళ్ళు. వాళ్ళకి మర్యాదగా గ్లాసులు వచ్చేవి. వెనకే భారతీయులు వెళ్ళి అదే అడిగితే లేదు పొమ్మనేవాళ్ళు. మనం ఏ/బీ టెస్టు అంటామే, అచ్చం అదే!

1965 ఫిబ్రవరి 12న ఈ సంఘం పిలుపు మీద మాల్కం ఎక్స్ స్మెథిక్ వచ్చాడు. బ్లూ గేట్స్ అనే పబ్బులో మంచి గదిలోకి వెళ్తే ఆయనకీ మందు పొయ్యమన్నారు (ఆయన ముస్లిం, తాగేవాడు కాదు, అది వేరే విషయం). తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్కులో ఆయన్ని కాల్చి చంపారు. ఆ ఏడాది చివర్లోనే బ్రిటన్ మొట్టమొదటి జాతి సంబంధాల చట్టం తెచ్చి పబ్బులు, హోటళ్ళ లాంటి చోట్ల వర్ణవివక్ష కుదరదంది. చట్టం మెత్తనిదే. దాన్ని నేరంగా కాక సివిల్ తగాదాగా చూసింది. అయినా బిజినెస్ వీసా మీద వెళ్ళి ఏ పబ్బులోనైనా నచ్చిన కుర్చీలో కూర్చునే మనం, ఆ ఫౌండ్రీ కూలీలకి ఎంతో కొంత బాకీ ఉన్నాం. వాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

స్మెథిక్ ఉపాయం ఇప్పటికీ పనికొస్తుంది. పదకొండూ ఇరవైకి తలుపు దగ్గర మనిషి మీ మీద అరిచాడు, సరే. పక్కనున్న తెల్ల మేనేజరు మీద ఎలా అరిచాడు? ఒకే గొంతుతో అరిస్తే అది గడియారం. గ్లాసు పెట్టేసి, కోటు తీసుకుని, గుడ్‌నైట్ చెప్పి బయటపడటమే. అక్కడ వాదన పెట్టుకోవడం దండగ, గెలిచినా తలుపు తెరవరు. మేనేజరుకి "సర్, ప్లీజ్" అనీ, మీకు మాత్రం భుజం మీద చెయ్యేసి నెట్టుడూ అయితే, అప్పుడు ఊరుకోవాల్సిన పని లేదు. కానీ అప్పుడు కూడా అరవక్కర్లేదు. నంబరు చూసుకుంటే చాలు.

ఈ నంబరు ఎలా వచ్చిందంటే, 1990ల దాకా ఆ తలుపు దగ్గర ఎవరు నిలబడుతున్నారో దేశం మొత్తానికి వర్తించే లెక్కంటూ లేదు. కండలుంటే చాలు. కొన్ని ఊళ్ళలో నైట్‌క్లబ్బుల తలుపులు రౌడీ ముఠాల చేతిలో ఉండేవి. తలుపు ఎవరిదో లోపల మాదకద్రవ్యాల అమ్మకం వాళ్ళది. 1998లో హోమ్ ఆఫీసు దీని మీద ఒక నివేదికే వేసింది. 2001లో చట్టం, 2003లో సెక్యూరిటీ ఇండస్ట్రీ అథారిటీ, 2004-05 నాటికి ఇంగ్లండులో తలుపు దగ్గర నిలబడే ప్రతి ఒక్కరికీ లైసెన్సు వచ్చాయి. నేరచరిత్ర తనిఖీ, శిక్షణ, నలుగురికీ కనపడేలా పెట్టుకోవాల్సిన కార్డు, దాని మీద 16 అంకెల నంబరు. నంబరు నిజమైనదో కాదో ఇంటర్నెట్‌లోనే ఎవరైనా చూసుకోవచ్చు. పేరు కూడా మారింది, బౌన్సరు కాదు, డోర్ సూపర్‌వైజర్. నల్లకోటు వల్ల అతనికి పోలీసు అధికారాలేం రావు. అవసరానికి తగినంత బలం వాడొచ్చు, అంతకు మించి మామూలు పౌరుడికి లేని హక్కేదీ లేదు. ఫిర్యాదు అథారిటీకి రాయొచ్చు, స్థానిక కౌన్సిల్ లైసెన్సింగ్ విభాగానికీ రాయొచ్చు. పబ్బు లైసెన్సు కౌన్సిల్ చేతిలోనే ఉంటుంది కాబట్టి రెండోదానికి పబ్బువాళ్ళు కాస్త ఎక్కువ జడుస్తారు.

2005 నవంబరు 24న ఇంగ్లండు ఆ ఒకే గంటని కూడా వదిలేసింది. ఏ పబ్బు టైము ఆ పబ్బుది. 11 గంటలకి ఊరంతా ఒకేసారి టాక్సీల కోసం కొట్టుకోకుండా జనం విడివిడిగా ఇళ్ళకి పోతారని ఆశ. ఇరవై నాలుగు గంటలూ తాగి ఊగుతారని పేపర్లు గగ్గోలు పెట్టాయి గానీ చాలా పబ్బులు ఓ గంట పొడిగించి ఊరుకున్నాయి. కొట్లాటలు మాయమైపోలేదు, కొన్ని ఇంకా పొద్దుపోయాక జరగడం మొదలెట్టాయి.

పదిహేనేళ్ళకి ఆ పాఠం మర్చిపోయారు. కోవిడ్ కాలంలో, 2020 సెప్టెంబరు 24 నుంచి ఇంగ్లండులో పబ్బులన్నీ రాత్రి 10కి మూసేయాలన్నారు. దూరం పాటించమని చెప్పిన ప్రభుత్వమే ఊరందర్నీ ఒకే నిమిషంలో వీధిలోకి తోసింది. జనం కిక్కిరిసిన వీధుల ఫోటోలు రాగానే గొడవ లేచింది. డిసెంబరులో సవరించారు. ఆఖరి ఆర్డరు 10కి, తలుపులు మూసేది 11కి. ఒక గంట ఊపిరి.

మన దగ్గర కూడా గంటలు మోగుతూనే ఉన్నాయి, బెంగుళూరులో పదకొండున్నర మూత రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. హైదరాబాదులో బౌన్సర్లు పబ్బు దాటి పెళ్ళిళ్ళకి, సినిమా ఫంక్షన్లకి ఎప్పుడో పాకారు. 2024 డిసెంబరులో సంధ్య థియేటర్ తొక్కిసలాట తర్వాత, జనాన్ని నెడితే ఊరుకోమని పోలీసు కమిషనరు బౌన్సర్లనీ, వాళ్ళని పంపే ఏజెన్సీలనీ హెచ్చరించాల్సి వచ్చింది. ప్రైవేటు సెక్యూరిటీ మీద మనకీ 2005 నుంచి చట్టం ఉంది. కాకపోతే అందులో లైసెన్సు ఏజెన్సీకి, మనిషికి ఏజెన్సీ ఇచ్చే ఫోటో కార్డు. ఆ కార్డు జేబులో ఉంటుందో ఆఫీసులో ఉంటుందో గానీ, మనల్ని నెట్టే నల్ల టీషర్టు వీపు మీద మామూలుగా 'బౌన్సర్' అన్న ఒక్క మాటే కనిపిస్తుంది. నంబరు ఉండదు.