మొద్దుబారడం: ఒక మాట, మన చరిత్ర

చెట్టు కొట్టేశాక నేలలో మిగిలేది మొద్దు. నరికి పడేసిన దుంగనూ మొద్దే అంటాం. పదును పోయిన కత్తి మొద్దుబారింది అంటాం. చలికి వేళ్ళు మొద్దుబారుతాయి. ఎదుటివాడి ఏడుపు తాకని మనసును కూడా ఇదే మాటతో చెబుతాం. నల్లబారు, ఎర్రబారు అన్నట్టే ఇక్కడి ‘బారు’ మారడాన్ని తెలుపుతుంది. ఒకప్పుడు పదును ఉండేది, తర్వాత పోయింది అని. ‘కఠినుడు’ అంటే ఆ సంగతి తెలియదు.

మన మన్యం చరిత్ర చదివేటప్పుడు నాకు ఈ మాటే గుర్తొస్తుంది. రంపలో మున్సబుదారు కల్లు మీద పన్ను వేశాడు. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు చిన్న బాకీలకు కోర్టు డిక్రీలు తెచ్చి పశువులనూ గింజలనూ తోలుకుపోయారు. కోర్టు ఎక్కడో దూరాన, అక్కడి భాష మనది కాదు. 1879లో జనం తిరగబడ్డారు. అణచివేశాక ప్రభుత్వం మున్సబుదారును తొలగించింది. అంటే కష్టం నిజమేనని ఒప్పుకున్నట్టే కదా! ముందే వింటే ఏం పోయేది?

ఇంకో చిత్రం చూడండి. పితూరీలు చెప్పడం అంటే మామూలు తెలుగులో ఫిర్యాదులు చెయ్యడం. అదే ‘రంప పితూరి’ అంటే తిరుగుబాటు. ఒకే మాటకు రెండు అర్థాలు. వినే చెవి మొద్దుబారిన చోట మొదటిది రెండోదిగా మారింది.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడుకు ఆంక్షలు పెరిగాయి. తర్వాత గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం, లంబసింగి దారిలో రోడ్డు పని చేయించి సరైన కూలి ఇవ్వలేదు. కూలీల మొర ఫలించలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది.

ఇంత జరిగినా మొద్దు అనే పేరు మాత్రం మనకే అంటింది. తెలుగు రాక నోరు విప్పని కోయ పిల్లనో కువి పిల్లనో బడిలో ‘మొద్దు’ అనడం ఇంకా పోలేదు. 2004 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వచ్చాయి, మంచిదే. కానీ వాచకం చేతిలో ఉన్నా తిట్టు నాలుక మీద ఉంటుంది. ఆ పిల్లను అడవికి తీసుకెళ్ళి నిజం మొద్దు ఒకటి చూపించండి. బెరడు తడిమి అది ఏ చెట్టుదో తన భాషలో చెబుతుంది.