రెండో భాగంలో ఏముంటుంది?

నచ్చని నవలకి రెండో భాగం ఎందుకు చదువుతాం? మొదటిది చదువుతూ విసుక్కున్నాక, కథానాయకుడి వరస తెలిసిపోయాక, రచయిత్రి ఆ అమ్మాయిని ఎటు నడిపిస్తుందో అర్థమైపోయాక కూడా రెండోది వెతుక్కుని తెచ్చుకుంటాం. మన సాహిత్య విమర్శలో ఈ పాఠకురాలికి చోటు లేదు. నచ్చి చదివితే అమాయకురాలు, నచ్చక పక్కన పెడితే అభిరుచి గలది. నచ్చకపోయినా చదివే మనిషి గురించి ఎవరూ మాట్లాడరు. ఆమె ఎక్కువగా స్త్రీ, అందులోనూ చిన్న వయసు అమ్మాయి. ఆమె ఆ పుస్తకంలో దేనికోసం వెతుకుతోందన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు స్టెఫనీ మేయర్ 'న్యూ మూన్' చదువుతున్నప్పుడు పుట్టింది. 2005లో వచ్చిన 'ట్వైలైట్'కి ఇది 2006లో వచ్చిన కొనసాగింపు. టీనేజి అమ్మాయిల కోసం రాసిన ప్రేమకథలు. మొదటిది నాకు బొత్తిగా నచ్చలేదు. ఒక రక్తపిశాచి యువకుడు పదిహేడేళ్ల బెల్లా గదిలోకి రాత్రిళ్లు ఆమెకి తెలియకుండా వచ్చి, నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. తెలిసిన తర్వాత ఆమెకి కోపం రాదు సరికదా, పొంగిపోతుంది. నిఘాని ప్రేమగా, ప్రమాదాన్ని ఆకర్షణగా నేర్పే పాఠం మన సినిమాల్లో చూసి చూసి అలసిపోయినవాళ్లం. అది అమెరికా నుంచి వచ్చినంత మాత్రాన కొత్తదవుతుందా?

రెండో భాగం నా చేతికిచ్చింది నర్సీపట్నంలో డిగ్రీ చదివే అమ్మాయి. "మొదటిది మీకు నచ్చలేదు కదా మేడమ్, ఇది చదవండి. ఇందులో వాడు ఆమెని వదిలేసి వెళ్లిపోతాడు" అంది. ఆ మాటలోని ఆశ నన్ను పట్టుకుంది. వాడు వెళ్లిపోతే ఆమె మిగులుతుంది. ఆమె మిగిలితే ఆమె కథ మొదలవుతుంది. నేను చదవడానికి కారణం కూడా సరిగ్గా అదే.

అతను నిజంగానే వెళ్లిపోతాడు. తర్వాత కొన్ని పేజీల్లో నెలల పేర్లు తప్ప ఏమీ ఉండవు: అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి. పుస్తకం మొత్తంలో నన్ను ఆపినవి ఆ ఖాళీ పేజీలే. వాటి తర్వాత బెల్లా, జాకబ్ అనే స్నేహితుడితో కలిసి పాత మోటార్ సైకిళ్లు బాగుచేయించి నడపడం నేర్చుకుంటుంది. ఇక తనకంటూ ఒకటి దొరికిందనుకుంటాం. కానీ ప్రమాదం ఎదురైనప్పుడల్లా వెళ్లిపోయినవాడి గొంతు వినిపిస్తుందని, ఆ గొంతు కోసమే ఆమె బండెక్కుతుంది. కొండ మీంచి సముద్రంలోకి దూకడమూ అందుకే. చివరికి ఇటలీ దాకా పరిగెత్తి అతన్ని కాపాడి తెచ్చుకుంటే, ఆమె కోరింది ఇవ్వడానికి అతను పెట్టే షరతు పెళ్లి. ఖాళీ పేజీలు ఖాళీగానే మిగిలాయి.

ఈ ఆశాభంగం కొత్తది కాదు. ఇంగ్లీషు నవలకి బాల్యావస్థలోనే ఇది ఉంది. శామ్యూల్ రిచర్డ్‌సన్ 'పమేలా' 1740లో వచ్చింది. పదిహేనేళ్ల పనిపిల్లని యజమాని వేధిస్తాడు, నిర్బంధిస్తాడు, ఆమె లొంగకపోయేసరికి చివరికి పెళ్లాడతాడు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. వేరేవాళ్లు దానికి కొనసాగింపులు రాసి అమ్ముకోవడం మొదలుపెడితే, రిచర్డ్‌సన్ 1741 చివర్లో తనే రెండో భాగం తెచ్చాడు. అందులో పమేలా ఆదర్శ గృహిణి. బిడ్డకి తన పాలే ఇస్తానంటుంది. భర్త వద్దంటాడు. ఆమె వాదిస్తుంది, ఉత్తరాలు రాస్తుంది, చివరికి లొంగుతుంది. యజమానిగా ఉన్నప్పుడు అతనికి లొంగని పిల్ల, భర్త అయ్యాక తన రొమ్ముపాల విషయంలో లొంగిపోయింది. ఆ రెండో భాగాన్ని ఇప్పుడు పరిశోధకులు తప్ప దాదాపు ఎవరూ చదవరు. చప్పగా ఉందంటారు. నాకు మాత్రం మొదటి భాగం దాచిన నిజాన్ని అది బయటపెట్టినట్టు అనిపిస్తుంది. ఆ పెళ్లి బహుమతి అని చెప్పిన పుస్తకం అది. బహుమతి విప్పి చూపించాల్సి వచ్చిన పుస్తకం ఇది.

లూయీసా మే ఆల్కాట్‌కి ఈ చిక్కు బాగా తెలుసు. 'లిటిల్ విమెన్' మొదటి భాగం 1868లో రాగానే, అమ్మాయిలు ఎవరిని పెళ్లి చేసుకుంటారో చెప్పమని బాలికలు ఆమెకి ఉత్తరాలు రాశారు. ఆడదాని జీవితానికి అదొక్కటే పరమార్థమైనట్టు అడుగుతున్నారని ఆమె తన డైరీలో విసుక్కుంది. ఎవర్నీ సంతోషపెట్టడానికి జోని లారీకిచ్చి పెళ్లి చెయ్యనని కూడా రాసుకుంది. 1869లో వచ్చిన రెండో భాగంలో ఆ మాట నిలబెట్టుకుంది. అయితే జోకి అసలు పెళ్లే లేకుండా చెయ్యడం ఆమె చేతిలో లేకపోయింది. వయసు మళ్లిన ప్రొఫెసర్‌ని తెచ్చి పెళ్లి చేసింది. నూటయాభై ఏళ్లు దాటినా పాఠకులు ఆ పెళ్లి మీద ఇంకా అలిగే ఉన్నారు. ఆ అలక వెనక పుస్తకం మీద ప్రేమ ఎంతుందో, అది ఇంకోలా ఉండవలసిందన్న తెలివిడీ అంతే ఉంది.

మనకి ఈ అనుభవం నవలతో రాలేదు. మన మొదటి రెండో భాగం ఉత్తరకాండ. పట్టాభిషేకంతో కథ కంచికి పోవాలి. పోలేదు. నిండు చూలాలిని అడవిలో వదిలిపెట్టి రావడంతో మళ్లీ మొదలైంది. ఉత్తరకాండ తర్వాత చేరిందని చాలామంది పండితులు అంటారు. చేరింది ఎప్పుడైనా, మనవాళ్లు దాన్ని వదల్లేదు. భవభూతి ఎనిమిదో శతాబ్దంలో 'ఉత్తరరామచరితం' రాసి సీతారాముల్ని చివర్లో కలిపాడు. నచ్చని ముగింపుని తిరగరాయడమే కదా అది! తెలుగులో తిక్కన 'నిర్వచనోత్తర రామాయణం' రాశాడు. రంగనాథ రామాయణానికి ఉత్తరభాగం కాచ విభుడు, విట్ఠలరాజు ద్విపదలో చేర్చారు. పద్దెనిమిదో శతాబ్దంలో కంకంటి పాపరాజు మళ్లీ రాశాడు. సినిమా వచ్చాక 1934లో ఒకసారి, 1963లో రంగుల్లో ఇంకోసారి 'లవకుశ' తీశారు. రెండోదానికి బళ్లు కట్టుకుని పోయి చూసిన ఆడవాళ్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. రాముడు చేసింది న్యాయమని ఒప్పుకుని వాళ్లు వెళ్లారని నేననుకోను. ఒప్పుకోలేని కథకే మళ్లీ మళ్లీ వెళ్లారు.

ఒప్పుకోలేదనడానికి సాక్ష్యం ఆడవాళ్ల పాటల్లో ఉంది. వెల్చేరు నారాయణరావు 1991లో ప్రచురించిన ఒక వ్యాసంలో తెలుగు స్త్రీల రామాయణ పాటల్ని విశ్లేషించారు. ఆ పాటల్లో శూర్పణఖ మారువేషంలో వచ్చి సీత చేత రావణుడి బొమ్మ గీయిస్తుంది. అది తెలిసి రాముడు సీతని వెళ్లగొడితే, అంతఃపుర స్త్రీలు ఊరుకోరు, సీత తరఫున వాదిస్తారు. 'ఊర్మిళాదేవి నిద్ర'లో పద్నాలుగేళ్ల తర్వాత వచ్చిన లక్ష్మణుణ్ణి ఊర్మిళ పరాయి మగాడనుకుని హెచ్చరిస్తుంది. మొదటి కథలో నోరులేని మనిషికి ఇక్కడ మాట దొరికింది. పుస్తకం రాసే అవకాశం లేని స్త్రీలు, నచ్చని పుస్తకంలోకి దూరి ఖాళీ పేజీలు నింపుకున్న పద్ధతి ఇది.

మరి తెలుగు ప్రేమ నవల సంగతేమిటి? 1960ల నుంచి రెండు దశాబ్దాలకు పైగా తెలుగు వారపత్రికల్నీ మాసపత్రికల్నీ నిలబెట్టింది స్త్రీలు రాసిన, స్త్రీలు చదివిన సీరియళ్లే. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' అప్పటి 'జ్యోతి' మాసపత్రికలో వచ్చి, 1976లో సినిమా అయింది. ఆత్మాభిమానం గల ఉద్యోగిని జయంతి, డబ్బూ దర్పమూ ఉన్న రాజశేఖరం. అపార్థాలు, ఎడబాటు, చివరికి కలయిక. ఒక తరం అమ్మాయిలు కాబోయే మొగుడిలో రాజశేఖరాన్ని వెతికారని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ఆ నవ్వులో చిన్నచూపు ఎక్కువ. వాళ్లు జయంతిలో ఏం వెతికారని మాత్రం ఎవరూ అడగలేదు.

నర్సీపట్నం అంటే చరిత్రకారులకి మన్యం తిరుగుబాటు, 1922, దగ్గర్లోని కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి. 2022లో జిల్లా మారి అనకాపల్లి కిందికి వచ్చినా ఊరి చరిత్ర అంటే అదే. ఈ ఊళ్లోనే అద్దె పుస్తకాల బడ్డీలు ఉండేవని, వంటిళ్లలో బియ్యం డబ్బా వెనక నవలలు దాగేవని ఏ చరిత్రలోనూ లేదు. మా పిన్ని చెబితే నాకు తెలుసు. రోజుకి పావలా అద్దె. ఒక్క రోజు అద్దెకి మూడిళ్ల ఆడపిల్లలు చదివి, తెల్లారేసరికి తిరిగిచ్చేవారట. జానిస్ రాడ్వే 1984లో వచ్చిన తన పుస్తకంలో అమెరికన్ గృహిణుల గురించి ఒక మాట తేల్చింది: వాళ్లకి ప్రేమ నవలలోని కథ ఎంత ముఖ్యమో, చదువుతున్నంతసేపూ ఎవరికీ వండి వడ్డించకుండా తనకంటూ కూర్చోవడం కూడా అంత ముఖ్యం. మా పిన్నికి రాడ్వే తెలియదు. "చదువుతుంటే ఎవరూ పిలవకూడదని దేవుడికి మొక్కుకునేదాన్ని" అంటుంది, అంతే.

ఆ నవలలకి రెండో భాగాలు ఎందుకు రాలేదని పిన్నిని అడిగాను. "పెళ్లయిపోయింది కదే, ఇంకేటుంటాది రాయడానికి?" అంది. పద్దెనిమిదేళ్లకి పెళ్లయి, చదువాగిపోయి, నలభై ఏళ్లు ఆ ఇంటిని మోసిన మనిషి ఆ మాట అంటుంటే నేను మాట్లాడలేకపోయాను. ఆమె జీవితమంతా ఆ 'ఇంకేటుంటాది'లోనే ఉంది.

రాయడానికి ఎంతో ఉందని తెలిసిన రచయిత్రులు మనకి అప్పుడే ఉన్నారు. అదే పత్రికల కాలంలో రంగనాయకమ్మ 'పేకమేడలు' పెళ్లి తర్వాతి ఇంటి లోపలికి దీపం పట్టుకుని వెళ్లింది. 1987లో ఓల్గా 'స్వేచ్ఛ' వచ్చింది. అరుణది ప్రేమ పెళ్లి. పుట్టింటి కట్టుబాట్ల నుంచి బయటపడటానికి ఆ పెళ్లే దారి అనుకుంటుంది. ప్రేమ నవల ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి ఆమె ఊపిరి సలపని రోజులు మొదలవుతాయి. 'స్వేచ్ఛ' గురించి చాలా చర్చ జరిగింది, ఇల్లు వదిలి వెళ్లడం సబబా కాదా అని. నేనైతే దాన్ని ఇంకో వరసలో పెట్టి చదువుతాను. అది పాతికేళ్లు తెలుగు అమ్మాయిలు చదివిన ప్రేమకథలన్నిటికీ బాకీ పడిన రెండో భాగం. ఆ బాకీని మొదటి భాగం రాసినవాళ్లు తీర్చలేదు. చదివి తృప్తిపడని తరం తీర్చింది. తర్వాత ఓల్గాయే 'విముక్త' కథల్లో ఉత్తరకాండలోకి వెళ్లి సీతకి శూర్పణఖనీ, అహల్యనీ, రేణుకనీ, ఊర్మిళనీ కలిపింది. పాటలు కట్టిన ఆడవాళ్ల పని అక్కడ కొనసాగింది. దానికి 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది.

అందుకే 'న్యూ మూన్' లాంటి పుస్తకాలు చదివే ఆడపిల్లల్ని చూసి నాకు దిగులు కలగదు. ఆ పుస్తకాలు చేసే హాని చిన్నదని కాదు. వెంటపడటం ప్రేమ కాదని తరగతి గదిలో ఎంత చెప్పినా, అవి వెయ్యి పేజీల్లో దాన్ని చెరిపేయగలవు. ఆ హాని గురించి గట్టిగానే రాయాలి. కానీ పుస్తకాన్ని తిట్టే తొందరలో చదివే అమ్మాయిని తిట్టకూడదు. వాడు వెళ్లిపోయిన తర్వాత ఏమవుతుందో చూడాలన్న ఆమె కుతూహలం స్త్రీవాదానికి పరాయిది కాదు, దానికి మొదటి మెట్టు. ఇంట్లో సంబంధాలు చూస్తున్న వయసులో, తన ముందున్న జీవితానికి రెండో భాగం ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు ఆమెకి ఎవరూ లేరు. అమ్మలు చెప్పరు. పిన్నులకి మాట పెగలదు. పుస్తకమైనా చెబుతుందేమోనని తెరుస్తుంది. అది అబద్ధం చెబితే ఆశాభంగం పొందుతుంది. ఆ ఆశాభంగానికి మాటలు దొరికితే అదే విమర్శ అవుతుంది.

మన పని ఆ మాటలు దొరికేలా చూడటం. పాత అద్దె నవలల అట్టల లోపల పెన్సిల్‌తో రాసిన రాతలు నేను కొంతకాలంగా పోగుచేస్తున్నాను. ఎవరివో తెలియదు, పేర్లుండవు. 'ఎండింగ్ బాలేదు' అని ఒక చెయ్యి. 'అతన్ని క్షమించకుండా ఉండాల్సింది' అని ఇంకొకటి. ఒకదానిలో, పెళ్లితో ముగిసిన చివరి పేజీ కింద, చిన్న అక్షరాలతో 'తర్వాత?' అని మాత్రం ఉంది. తెలుగు నవలా విమర్శ చరిత్ర రాసేటప్పుడు ఆ ఒక్క మాటకి కూడా ఒక పేజీ కేటాయించాలని నా కోరిక.