మిద్దె మీది వాన: జహీరాబాదు సీమ ఇండ్ల కప్పుల చరిత్ర

ఇల్లు కట్టదలచిన గృహస్థు పునాదిని గురించి పదిమందిని విచారిస్తాడు. గోడలకు ఇటుకా, రాయా అని మరి పదిమందిని అడుగుతాడు. కప్పు మాట వచ్చేసరికి చేతిలోని పైకము తరిగి, ఓపిక సన్నగిల్లి ఉంటుంది. అప్పుడు మేస్త్రీ మాటే వేదవాక్కు. కాని వానకు, ఎండకు ముందుగా ఎదురు నిలిచేది కప్పే. అది కూలితే ప్రాణాలకే ముప్పు. అందువలన మన పెద్దలు కప్పును ఎట్లు ఎన్నుకొన్నారో, ఎట్లు వేసుకొన్నారో, ఎక్కడ పొరపడినారో తెలిసికొనుట కేవలం పురావస్తు వినోదం కాదు.

హైదరాబాదు నుండి బొంబాయి పోయే బాటలో సుమారు వంద కిలోమీటర్ల దూరాన జహీరాబాదు ఉన్నది. బీదరు కోట అక్కడికి చేరువ. నేల కొన్నిచోట్ల నల్లరేగడి, కొన్నిచోట్ల ఎర్రని తూట్ల రాయి. ఈ రాతినే భూగర్భ శాస్త్రజ్ఞులు లేటరైటు అంటారు. 1956 నవంబరు 1వ తేదీకి ముందు ఈ తాలూకా బీదరు జిల్లాలోనిది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం నిర్ణా సర్కిలును మినహాయించి తక్కిన తాలూకాను ఆంధ్రప్రదేశ్‌లో చేర్చినది. అది మెదకు జిల్లాలో భాగమైనది. 2016 అక్టోబరు నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. బండలకు పేరొందిన తాండూరు తాలూకా కూడ 1956 చట్టంతోనే గుల్బర్గా జిల్లా నుండి మనవైపు వచ్చినది. సరిహద్దు రేఖలు మారినవి గాని ఇండ్ల కప్పులు మాత్రం నేటికీ ఆ పాత సీమ భాషనే మాట్లాడుతున్నవి.

ఈ సీమలో చదునైన మిద్దె ఎందుకు పుట్టినది? కోస్తా జిల్లాలలో గాలివాన జోరు ఎక్కువ, తాటాకు సమృద్ధి. అందుచేత అక్కడ ఏటవాలు కప్పులు వెలసినవి. దక్కను పీఠభూమిలో వాన మితము, ఎండ అమితము. వానలో అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు కురిసిపోతుంది. మిగిలిన కాలమంతా మిద్దె మరొక వాకిలి వలె పనికివస్తుంది. జొన్నలు, మిరపకాయలు ఎండవేయుట అక్కడే. వేసవి రాత్రుల నిద్ర అక్కడే. మందమైన మన్నులో వేడి మెల్లగా దిగుతుంది. మధ్యాహ్నపు ఎండ లోపలికి చేరేసరికి ప్రొద్దు గూకుతుంది. ఆ వేళకు ఇంటివారు మిద్దెపైకి పోయి చల్లగాలిలో పడుకొంటారు.

మన్ను మిద్దె కట్టుబడి పైకి సులభంగా కనిపించినా లోపల క్రమం ఉన్నది. కొయ్య స్తంభాలపై దూలాలు, దూలాలపై అడ్డంగా దంతెలు, వాటిపై కట్టె పేళ్లు లేక పొరక, దానిపై ఆకు, ఆపైన తడిపి త్రొక్కిన మన్ను, అన్నిటికి మీద చౌడు మన్ను. రేగడి మన్ను తడిసిన ఉబ్బును, ఎండిన పగులును. కనుక అది పైపొరకు పనికిరాదు. చౌడు మన్నులో సోడియం లవణాలు ఉంటాయి. నీరు తగలగానే దాని బంకమట్టి రేణువులు విడివడి, సందులలోకి జారి, వాటిని మూసివేస్తాయి. పంట పొలానికి శత్రువైన చౌడు ఇంటికి మిత్రమైనది. ప్రయోగశాల లేని పల్లెటూరి రైతు కనుగొన్న విషయమిది.

అయితే ఈ మిద్దె ఏటేటా సేవ కోరుతుంది. తొలకరికి ముందు మొలిచిన గడ్డి పెరికి, ఎలుక బొరియలు పూడ్చి, కొత్త చౌడు చల్లి, దిమ్మిసతో కొట్టి, నీరు తూము వైపు పోయేటట్లు వాలు సరిచేయవలెను. సోమరితనమో, పేదరికమో ఆ పనికి అడ్డు వచ్చినప్పుడు జనం సులభమార్గం త్రొక్కేవారు. పాత మన్ను తీయకుండా దానిపైనే కొత్త మన్ను పోసేవారు. అక్కడ ఒక లెక్క మరుగునపడినది. చదరపు మీటరు కప్పుపై 15 సెంటీమీటర్ల మన్ను సుమారు 240 కిలోల బరువు. అదే 30 సెంటీమీటర్లయితే దాదాపు 480 కిలోలు. వానకు తడిస్తే ఇంకా ఎక్కువ. తాతల నాటి దూలానికి మాత్రం బలం పెరగదు. చెదలు పట్టి తరుగుతుంది.

ఈ లెక్కకు మూల్యం ఎంతటిదో 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున తెలిసినది. వినాయక నిమజ్జనం ముగించుకొని జనం నిద్రలో ఉండగా మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో భూమి కంపించినది. బీదరుకు ఆవల, ఇదే పీఠభూమిపై, ఇదే రకం ఇండ్లలో నివసించే ప్రజలు వారు. భూకంప తీవ్రత 6.2 మాత్రమే; ప్రపంచంలో అంతకంటె పెద్దవి ఎన్నో వచ్చినవి. కాని మరణించినవారు పదివేలకు చేరువ. మట్టితో పేర్చిన బండరాళ్ల గోడలు విడిపోగా, వాటిపైని అడుగు మొదలు రెండడుగులకు పైగా మందమున్న మన్ను కప్పులు నిద్రించేవారిపై కూలినవి. కొయ్య స్తంభాలపై కప్పు నిలిచిన కొన్ని ఇండ్లలో గోడలు పడినా స్తంభాలు, దూలాలు నిలబడినవి. దీనిని బట్టి మన్నును నిందించుట న్యాయం కాదు. మితిమీరిన బరువు, ఆ బరువును మోయలేని గోడ కలిసి చేసిన ఘాతుకమది.

సంపన్నుల మార్గం వేరు. బహమనీ సుల్తానులు పదునైదవ శతాబ్దిలో గుల్బర్గా నుండి రాజధానిని బీదరుకు మార్చిన పిమ్మట ఈ సీమలో సున్నపు పనికి మహర్దశ పట్టినది. 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదరసా నేటికీ అందుకు సాక్షి. కాల్చి విరిచిన సున్నాన్ని ఇసుకతో గానుగలో నూరి డంగు సున్నం చేసేవారు. ఇటుక ముక్కలతో దానిని కలిపి పరచి, బారులు తీరిన కూలీలు చెక్క పలకలతో రోజుల తరబడి బాదేవారు. దెబ్బకు గుంట పడక పలకయే ఎగిరి రావలెను. అప్పటికి పని పూర్తి అయినట్లు. కరక్కాయ, బెల్లం నానిన నీరు మధ్యమధ్య చల్లేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల రాయి అవుతుంది. ఈ క్రియ మెల్లగా సాగుతుంది గనుక వెంట్రుకవాసి పగుళ్లను సున్నం తానే పూడ్చుకొనగలదు.

1874లో వాడి నుండి సికిందరాబాదుకు నిజాం రైలుమార్గం పడినది. షాబాదు, తాండూరు బండలు బండ్లెక్కి దూరప్రాంతాలకు పోవుటకు వీలు కలిగినది. ఆ సున్నపురాయి సహజంగానే పొరలు పొరలుగా విడివడుతుంది. ఇనుప గర్డర్లు వరుసగా వేసి, నడుమ బండలు పరచి, సందులు సున్నంతో నింపితే కప్పు సిద్ధం. కొందరు గర్డర్ల మధ్య చిన్న ఇటుక కమానులు కట్టించి, పైన గచ్చు చేయించినారు. బండకు నొక్కుడు బలం ఎక్కువ, వంగుడు బలం తక్కువ. అందుచేత గర్డర్లు దగ్గరగా ఉండక తప్పదు.

1920 దశకంలో షాబాదులో సిమెంటు కర్మాగారం వెలసినది. సున్నపురాయి మూడు అవతారాలు ఎత్తినట్లయినది: కోస్తే బండ, కాలిస్తే సున్నం, బంకమట్టితో కలిపి కాల్చి పొడిచేస్తే సిమెంటు. క్రమంగా ఇనుప కడ్డీల స్లాబు పట్టణాలలోను, ఆపైన పల్లెలలోను పాతకప్పులను తొలగించి తాను నిలిచినది. 12 సెంటీమీటర్ల స్లాబు చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు తూగుతుంది. చక్కగా వేస్తే చెదలు లేదు, ఎలుక లేదు, ఏటేటి మన్ను పని లేదు. అందుకే జనానికి ఒక భ్రమ కలిగినది: స్లాబు వేస్తే కప్పు బాధ్యత తీరినదని!

నీటికి ఈ సంగతి తెలియదు. వెంట్రుకవాసి పగులు చాలు. తేమ కడ్డీని చేరుతుంది. ఇనుము త్రుప్పు పట్టినప్పుడు ఉబ్బి, మునుపటికంటె రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి క్రింది కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. అప్పుడు గృహస్థు ఏమి చేస్తున్నాడు? పాత పొరపై మరొక సిమెంటు పొర, దానిపై ఇటుక ముక్కలు, మరల ఒక పొర! మన్నుపై మన్ను పోసిన తాతగారి పొరపాటునే మనుమడు సిమెంటుతో చేస్తున్నాడు. పది సెంటీమీటర్ల ఇటుకముక్కల కాంక్రీటు చదరపు మీటరుకు దాదాపు 190 కిలోలు అదనంగా మోపుతుంది. త్రుప్పు పట్టిన స్లాబుపై ఇంజనీరును అడుగకుండ ఆ బరువు పెట్టరాదు.

ఇక ఎన్నిక మాట. కొత్త స్లాబుకు బలం చాలినంత ఉంటే సున్నపు కాంక్రీటు నేటికీ మంచిదే. పని తెలిసిన చేతులు కావలెను. తారు ఫెల్టు తేలిక, కాని ఎండకు పెళుసవుతుంది. పైన కప్పుగాని తెల్లని పూతగాని అవసరం. పూత మందులు ఇంకా తేలిక, అవి కొన్నేండ్లకొకసారి మరల వేయవలసినవి. సున్నపు కాంక్రీటుకు, తారు ఫెల్టుకు, మన్ను కప్పుకు సైతం భారతీయ ప్రమాణాల సంస్థ వేర్వేరు నియమావళులు ప్రకటించినది. తెల్లని పూతకు మరొక ప్రయోజనం ఉన్నది. అది ఎండను త్రిప్పికొడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించినప్పుడు చెప్పినది ఈ సూత్రమే. వేసవికి ముందు మిద్దెకు సున్నం కొట్టిన అవ్వలకు అది కొత్త కాదు.

ఏ కప్పు ఎంచుకొన్నా వరుస ఒక్కటే. ముందు పగుళ్లు, ఊడిన పెచ్చులు బాగుచేయవలెను. తరువాత వాలు: ముప్పది అడుగుల డాబాకు నూటికి ఒకటి చొప్పున మూడున్నర అంగుళాల పల్లం కావలెను. పిట్టగోడ, కప్పు కలిసే మూలను పదునుగా వదలక గుండ్రంగా నింపవలెను. నీరు ఎక్కువగా దిగేది అక్కడ, తూము నోటి వద్ద. అటుపిమ్మట పూతయో, ఫెల్టో. చివరకు తూములు మూసి ఒక రోజంతా నీరు నిలిపి, క్రింద చెమ్మ కనబడుతున్నదేమో చూడవలెను. ఈ పరీక్షకు ముందే మేస్త్రీకి మిగులు సొమ్ము చెల్లించుట తెలివి కాదు.

ముప్పది అడుగుల వెడల్పు, నలుబది అడుగుల పొడవు గల డాబాపై రెండంగుళాల వాన కురిస్తే సుమారు ఐదున్నర వేల లీటర్ల నీరు. ఒక్క తూములో ఎండుటాకులు అడ్డుపడితే ఐదున్నర టన్నుల బరువు కప్పుపై నిలుస్తుంది. మృగశిర కార్తెకు ముందు తూము శుభ్రం చేయుటకు కావలసినది ఒక చీపురు, ఒక పూట శ్రమ.

మన్ను పోయి గచ్చు వచ్చినది, గచ్చు పోయి స్లాబు వచ్చినది. కప్పుపై బరువు తగ్గించి, నీటికి దారి చూపి, ఏటికొకసారి పైకెక్కి చూసుకొన్న వారి ఇండ్లు ఏ కాలంలోనైనా నిలిచినవి. ఈ ఏటి తొలకరికి ముందు మన గృహస్థులు నిచ్చెన వేసుకొని ఒక్కసారి మిద్దె ఎక్కిరావలెనని కోరుతున్నాను.