ఈత చెట్టుకు నంబరు

నాకు బీరు నచ్చదు. పన్నెండేళ్ళుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఈ మాట అనడమంటే క్రికెట్ చూడనని చెప్పడం లాంటిదే. శుక్రవారం సాయంత్రం టీమంతా మగ్గులు పట్టుకుని కూర్చుంటే నేను మెనూ తిరగేస్తూ ఉంటాను. రాగి బీరన్నారు, తాగాను. రాగి పేరుకే ఉంది, చేదు మాత్రం చేదుగానే ఉంది. యాపిల్ సైడర్ తీపి ఎక్కువ. నంది హిల్స్ వైపు నుంచి వచ్చే వైన్ బాగుంటుంది కానీ అది మన భోజనం పక్కన కూర్చోదు. గోవా ఫెనీ వాసన దాటి లోపలికి వెళ్ళడానికి నాకు రెండు ట్రిప్పులు పట్టింది. ఎండలో తిరిగొచ్చి, కారం తిని, ఒక గ్లాసు తాగి, మర్నాడు పొద్దున మామూలుగా లేవగలిగే తేలికైన మందు మన వైపు ఎప్పుడూ లేదా?

ఈ సందేహం మా అవ్వనడిగాను. మాది నల్లమాడ. కాగితాల మీద 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా, మా నోట్లో ఇంకా అనంతపురమే. అవ్వ నన్ను వింతగా చూసింది.

"లేకేమిరా? ఈత కల్లు ఉండె కదా. అప్పట్లో బీరు మొగం ఎవురు చూసినారు?"

సమాధానం ఇంట్లోనే ఉంది. అయితే అది "ఉండె" అనే భూతకాలంలో ఉంది. అలా ఎందుకయిందో తెలుసుకుందామని మొదలుపెడితే, రుచి కోసం వెతుకుతున్నవాణ్ణి కాస్తా పన్నుల చరిత్రలోకి వచ్చి పడ్డాను.

ముందు కల్లు సంగతి. ఈత చెట్టుకు పెద్దగా ఏమీ అక్కర్లేదు. వంక పక్కన, చెరువు కట్ట కింద, కాస్త తేమ ఉంటే చాలు, తనంతట తనే మొలుస్తుంది. మొవ్వు కింద కత్తితో గీసి కుండ కడితే రాత్రంతా చుక్క చుక్కగా తీపి నీళ్ళు దిగుతాయి. కుండ లోపల సున్నం పూస్తే అది నీరాగా ఉంటుంది. పూయకపోతే గాలిలోనూ కుండలోనూ ఉన్న ఈస్టు, బ్యాక్టీరియా పని మొదలుపెడతాయి. పొద్దున్నే తియ్యగా, కొంచెం నురగతో ఉంటుంది. ఎండెక్కే కొద్దీ పులుపు, సాయంత్రానికి ఘాటు, మర్నాటికి దాదాపు వెనిగర్. బాగా పులిసిన కల్లులో ఆల్కహాలు సుమారు 4 నుంచి 6 శాతం. మామూలు లాగర్ బీరులో 5 శాతం, 'స్ట్రాంగ్' అని రాసి ఉన్నదాంట్లో 8 దాకా. అంటే నేను అడిగిన కొలతకు సరిగ్గా సరిపోయే మందు మా ఊరి వంక పక్కనే ఉండేది.

మన పాత పుస్తకాలు చూస్తే వైవిధ్యానికి కొదవేం లేదు. చరక సంహిత 84 రకాల ఆసవాలను లెక్కపెడుతుంది. గింజలు, పళ్ళు, వేర్లు, పూలు, బెరడు, ఆకులు, చక్కెర, ఇలా దేంతో చేసిందో దాన్నిబట్టి వాటిని విడగొడుతుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అంటూ చెప్పుకొస్తుంది. అయితే ఆ జాబితా ఉన్నది పాకశాస్త్రంలో కాదు, సురాధ్యక్షుడు అనే ప్రభుత్వాధికారి విధుల్లో. ఎవరు అమ్మాలి, ఎక్కడ తాగాలి, ఎంత వసూలు చేయాలి, అన్నీ ఆ అధ్యాయంలోనే. ఉత్సవాలకూ జాతరలకూ మాత్రం నాలుగు రోజుల సడలింపు. మందును రుచి చూడ్డం, లెక్క చూడ్డం మన దగ్గర మొదటినుంచీ ఒకే గదిలో ఉన్నాయన్నమాట.

ఆ గదిలో లెక్కదే పైచేయి అయింది మాత్రం కంపెనీ వాళ్ళొచ్చాకే. మద్రాసు ప్రెసిడెన్సీలో సారాయి, కల్లు మీద 1820 రెగ్యులేషన్ వచ్చింది. మొదట్లో అమ్మకం హక్కును ఇజారాకు ఇచ్చేవాళ్ళు. ఒకడు పాడుకుంటాడు, మిగతాది వాడిష్టం. 1886 మద్రాసు అబ్కారీ చట్టం తర్వాత పద్ధతి బిగిసింది. సారాయి తయారీని కొన్ని పెద్ద డిస్టిలరీలకు పరిమితం చేసి, గేటు దాటే ప్రతి ప్రూఫ్ గ్యాలన్ మీదా సుంకం వేశారు. చాలా శుభ్రమైన ఏర్పాటు: ఒక గేటు, ఒక గుమాస్తా, ఒక రిజిస్టరు.

మరి కల్లుకు గేటేదీ? వెయ్యి వంకల్లో లక్ష చెట్లు. కుండ దిగిన పూటే తాగేయాలి, గోదాములో దాచలేరు, రైలెక్కించలేరు. అందుకని చెట్టు పన్ను తెచ్చారు. గీసే ప్రతి చెట్టుకూ గుర్తు వేసి, నంబరిచ్చి, లైసెన్సు రుసుము కట్టించుకోవడం. కొబ్బరికి ఒక రేటు, తాటికి ఒకటి, ఈతకు ఒకటి. దుకాణానికి వేరే వేలం. గుర్తు లేని చెట్టు గీస్తే నేరం. మోకు వేసుకుని తాతల నాటి చెట్టెక్కే ఈడిగ మనిషి ఒక్కసారిగా లైసెన్సుదారైనా కావాలి, దొంగైనా కావాలి. అబ్కారీ త్వరలోనే మద్రాసు ఖజానాకు భూమి శిస్తు తర్వాత పెద్ద రాబడి అయి కూర్చుంది.

నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే కల్లు స్కేల్ కాదు. బీరు అవుతుంది. 1876లో లూయీ పాశ్చర్ బీరు మీద పుస్తకం రాశాడు. వేడి చేసి సూక్ష్మజీవుల్ని చంపితే సీసాలో నెలల తరబడి నిలవుంటుందని తేలాక, బీరుకు ఊరితో, ఋతువుతో పని లేకుండా పోయింది. మన పక్కన బెంగళూరు, నీలగిరుల్లో దండులోని సిపాయిల కోసం పెట్టిన చిన్న బ్రూవరీలను 1915లో థామస్ లీష్‌మన్ కలిపి యునైటెడ్ బ్రూవరీస్ చేశాడు. 1947లో విఠల్ మాల్యా ఆ కంపెనీకి మొదటి భారతీయ డైరెక్టరయ్యాడు. కింగ్‌ఫిషర్ లాగర్ 1978లో వచ్చింది. నేనిప్పుడు శుక్రవారం తప్పించుకుందామని చూసే ఆ గ్లాసు వెనక ఇంత నిలకడైన సరఫరా ఉంది.

తెల్లవాళ్ళే చేశారని అక్కడితో ఆపేస్తే కథ సులువుగా ఉండేది. కానీ ఈత చెట్టు మీద గొడ్డలి పడింది మన చేతుల్తోనే. సహాయ నిరాకరణ రోజుల నుంచీ కల్లు దుకాణాల ముందు పికెటింగ్ కాంగ్రెస్ కార్యక్రమం. చెట్టు పన్ను సర్కారుకు పోతుంది కాబట్టి చెట్టు కొట్టడం దేశభక్తి. మాకు పక్కనే, ఇదే పీఠభూమిలో, చిత్రదుర్గం దగ్గర తురువనూరులో 1939లో ఈత చెట్లు నరకడమే సత్యాగ్రహంగా జరిగింది. తర్వాత మైసూరు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన నిజలింగప్ప ఆ ఉద్యమంలో ఉన్నారు. బ్రిటిష్ వాడికి చెట్టు ఒక పన్ను పద్దు. మనవాళ్ళకు అదే పద్దు శత్రువు. రెండు చూపుల్లోనూ చెట్టెక్కే మనిషి కనపడలేదు.

1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడపలకు పొడిగించింది. ఇక్కడ ఒక తమాషా ఉంది. కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాలోదే. ఆ ఏడు అనంతపురంలో కలిపారు కాబట్టి 1938 నిషేధం మా వైపుకు రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట గీసిన జిల్లా సరిహద్దు పుణ్యాన ఒక ఊళ్ళో కల్లు నేరం, పక్క ఊళ్ళో మామూలు. పోయిన రాబడి పూడ్చడానికి రాజాజీ 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. మనం ఇవాళ ప్రతి బిల్లు కిందా చూసి నిట్టూర్చే పన్నుకు ముత్తాత అదే. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధం.

నిషేధంలో ముందు చచ్చేది కల్లే. కారణం మళ్ళీ అదే: దాన్ని దాచలేరు. చెట్టు మీద కుండ ఊరందరికీ కనిపిస్తుంది. బెల్లం, తెల్లతుమ్మ చెక్క వేసి కాచే నాటుసారా మాత్రం గుట్ట చాటున రాత్రికి రాత్రి అయిపోతుంది, సంచిలో పడుతుంది. 5 శాతం మందును నిషేధిస్తే జనం దానికి ఎన్నో రెట్లు ఘాటైన దాంట్లోకి జారారు. గీత కార్మికుల తరఫున గౌతు లచ్చన్న లాంటివాళ్ళు నిలబడ్డారు. కొత్త ఆంధ్ర రాష్ట్రంలో నిషేధం ఎంత పెద్ద గొడవంటే, 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం ఆ విషయం మీదే అవిశ్వాసంలో పడిపోయింది. 1969లో ఆంధ్ర ప్రాంతంలో నిషేధం ఎత్తేశారు. అప్పటికి రెండు దశాబ్దాలు గడిచాయి. ఒక తరం గీత మరిచిపోయింది, ఒక తరం సారాయి నేర్చుకుంది. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సర్కారే సారాయిని ప్యాకెట్లలో పల్లెలకు చేర్చింది. ప్యాకెట్టుకు చెట్టు అక్కర్లేదు, ఋతువు అక్కర్లేదు. లెక్క మాత్రం పైసాతో సహా తేలుతుంది.

ఇదంతా ఉత్సాహంగా అవ్వకు చెప్పాను. కల్లు ఉండుంటే ఊరు ఇట్లా అయ్యేది కాదన్నట్టు మాట్లాడాను. అవ్వ చాలాసేపు వింది.

"కల్లు తాగినోడు నడిచి ఇంటికొస్తాండె. సారాయి తాగినోన్ని మోసుకొస్తాండ్రి. అది నిజమే," అంది. "కానీ రెండిట్లోనూ కూలి డబ్బు ఇంటికి రాలే. మీ తాత తాగింది కల్లే. నేను పస్తున్నిందీ నిజమే."

నాకు నోట మాట రాలేదు. మా మేనమామను సారాయి తీసుకుపోయింది, నాకప్పుడు ఆరేళ్ళు. అవ్వకు కొడుకు. ఆ మాట మాత్రం ఆమె ఎత్తలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు, అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని మాట్లాడుకున్నవాళ్ళు, సారాయి దుకాణం మూయించారు. ఆ ఉద్యమం వేలం పాటలను ఆపింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారాయి నిషేధం తెచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్ళింది. 1997లో అది పోయింది. రుచుల గురించి రాసే మాలాంటివాళ్ళు ఈ ఆడవాళ్ళను కథలో అడ్డంకిగా చూస్తుంటాం. కానీ సర్కారు రిజిస్టరులో ఎన్నడూ ఎక్కని లెక్క ఒకటుంది: ఆ రోజు కూలిలో ఎంత ఇంటికి చేరింది అన్నది. దూబగుంటలో అడిగింది ఆ లెక్కే. ఆ లెక్కలో కల్లుకు శిక్ష తక్కువ పడుతుందేమో, నిర్దోషి అని మాత్రం తేలదు.

ఇప్పుడేముంది? మా వైపు వంకలు ఎండాయి. బోర్లు లోతుకు పోయేకొద్దీ ఈత వనాలు పల్చబడ్డాయి. తెలంగాణలో కల్లు దుకాణాలున్నాయి కానీ చెట్లకంటే గిరాకీ ఎక్కువైన చోట క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటివి కలిపిన కల్తీ కల్లు మనుషుల్ని ఆసుపత్రికి పంపుతోంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. బాగుంది, అయితే నగరం మర్యాదగా ఒప్పుకున్నది కల్లు కాకముందు రూపాన్నే. గోవా జీడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఫెనీని సీసాలో పెట్టొచ్చు, లేబుల్ అంటించొచ్చు. పూటకో రుచి మారే దానికి లేబుల్ మీద ఏం రాస్తారు?

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, ఇంకా నాలుగు చెట్లు గీసే పెద్దాయన ఉన్నాడంటే తెల్లారకముందే వెళ్ళాను. చలి. కుండ దించి, ఈగల్ని తోసి, గుడ్డలో వడకట్టి గ్లాసులో పోశాడు. తీపి, దాని వెనకే చిన్న పులుపు, నాలిక మీద సన్నటి చురుకు, మట్టి వాసన. నేను పన్నెండేళ్ళుగా మెనూల్లో వెతుకుతున్నది ఇదే. "మీ పిల్లలు ఎక్కుతారా?" అనడిగాను. "ఎందుకెక్కల్ల? నీ మాదిరి బెంగళూరు పోయినారు," అన్నాడు.

స్నేహితులకు రుచి చూపిద్దామని ఒక ప్లాస్టిక్ సీసా నింపుకుని, మూత బిగించి, బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాను. గోరంట్ల దాటాక మూత టప్పుమని ఎగిరింది. బట్టలు, ఆఫీసు ల్యాప్‌టాప్ సంచి, పక్కనాయన పంచె, అన్నీ తడిశాయి. కొడికొండ చెక్‌పోస్టు వచ్చేసరికి సీసాలో మిగిలింది గుక్కెడు. బస్సంతా కల్లు దుకాణం వాసన.

పక్కనాయన కోప్పడతాడనుకున్నాను. పంచె పిండుకుంటూ, "ఈతదేనా?" అనడిగాడు. అవునన్నాను.

"మూత అంత బిగించకూడదు నాయనా, దానికి గాలాడల్ల," అన్నాడు.