చేనేత అడ్వాన్సు పద్ధతి

చేనేత అడ్వాన్సు పద్ధతి అనగా మగ్గం నేసే కార్మికుడు పనిలో చేరేటప్పుడే యజమాని అతనికి కొంత సొమ్ము ముందుగా ఇచ్చి, ఆ బాకీ తీరేవరకు తన దగ్గరనే నేయించుకొనే ఏర్పాటు. రాయలసీమలో పట్టుచీరలు నేసే ఊళ్ళలో ఇది చాలాకాలంగా వాడుకలో ఉంది. అనంతపురం జిల్లాలోని ఉరవకొండ అటువంటి ఊళ్ళలో ఒకటి. పనివారిని నిలుపుకోవడానికి నేటి కంపెనీలు బోనస్సులు, బాండ్లు వాడుతుండగా, మగ్గాల ఊళ్ళలో ఆ పనిని అడ్వాన్సు చేస్తుంది. కాగితం మీద సంతకం లేకుండానే ఇది ఒక ఒప్పందం.

నేపథ్యం

ఉరవకొండ ఒక మండల కేంద్రం, శాసనసభ నియోజకవర్గం. అనంతపురం నుండి బళ్ళారి వెళ్ళే దారిలో ఉంటుంది. వర్షచ్ఛాయా ప్రాంతం కావడం వలన జిల్లా సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 550 మి.మీ. మాత్రమే. వర్షాధారంగా వేసే వేరుశనగ తరచుగా దెబ్బతింటుంది. పొలం ఎండిన ఏడు కూడా నడిచే పని కాబట్టి ఇక్కడ మగ్గానికి ఎక్కువ విలువ ఉండేది. అయితే మగ్గం పెట్టడం వేరు, పట్టునూలు, సరిగ కొనడం వేరు. ముడిసరుకుకు కావలసిన పెట్టుబడి సాధారణ నేతగాని వద్ద ఉండదు. ఆ పెట్టుబడి పెట్టి, తయారైన చీరను అమ్ముకొనే వ్యక్తిని మాస్టర్ వీవర్ అంటారు. నేతగాడు చీరకు ఇంత అని కూలి తీసుకుంటాడు. మగ్గం యజమానిదే అయితే దానిని కూలి మగ్గం అంటారు.

పద్ధతి నడిచే తీరు

అడ్వాన్సుకు సాధారణంగా వడ్డీ ఉండదు. యజమానికి రావలసిన లాభం వడ్డీలో కాక, పనివాడు కదలకుండా ఉండడంలో ఉంది. కూలి ఇచ్చేటప్పుడు కొంత మొత్తం బాకీ కింద తగ్గిస్తారు. ఉదాహరణకు అడ్వాన్సు 40,000 రూపాయలు, చీరకు కూలి 3,000 రూపాయలు, అందులో 500 రూపాయలు కోత అనుకుందాం. బాకీ తీరడానికి 80 చీరలు నేయాలి. నెలకు మూడు చీరల చొప్పున రెండేళ్ళు దాటుతుంది. ఈలోగా పెండ్లో, కాన్పో, ఆస్పత్రి ఖర్చో రాక తప్పదు. అప్పుడు మళ్ళీ అడ్వాన్సు తీసుకుంటారు. అందువలన బాకీ తగ్గుతూ పెరుగుతూ ఉంటుందే తప్ప పూర్తిగా తీరడం అరుదు. నిజానికి అది పూర్తిగా తీరాలని యజమాని కూడా కోరుకోడు.

చీర కూలి ఒకరి పేరున ఉన్నా పని ఇంటిల్లిపాదిదీ. కండెలు చుట్టడం, పడుగు అతకడం వంటి పనులు ఎక్కువగా ఆడవారు చేస్తారు. వారికి వేరే కూలి ఉండదు. బాకీ మాత్రం కుటుంబమంతటికీ చెందుతుంది.

మగ్గం మారడం

నేతగాడు మరొకరి వద్దకు పోదలిస్తే కొత్త యజమాని పాత బాకీ కట్టి తీసుకొని పోవాలి. మంచి పనివానికి పెద్ద అడ్వాన్సు దొరుకుతుంది కాబట్టి బాకీ ఎంత ఉందనేది ఒక విధంగా పనితనానికి కొలత కూడా. గిరాకీ ఉన్న రోజులలో ఇది నేతగానికి బలమే, యజమానులు పోటీపడి పిలుస్తారు. గిరాకీ పడిపోతే పరిస్థితి తారుమారవుతుంది. యజమాని పడుగు ఇవ్వడం ఆపినా బాకీ ఆగదు. వానాకాలంలో గుంటమగ్గంలో చెమ్మ చేరి పని నిలిచిన రోజులకు కూలి ఉండదు.

యజమాని ఇబ్బంది కూడా చిన్నది కాదు. అడ్వాన్సు ఇవ్వకపోతే మగ్గం మీద ఎవరూ కూర్చోరు. ఇస్తే పట్టునూలుకు పెట్టవలసిన సొమ్ము పనివారి చేతులలో ఇరుక్కుంటుంది. పనివాడు ఊరు విడిచి వెళ్ళిపోతే వసూలు చేసుకొనే దారి లేదు. చిన్న మాస్టర్ వీవర్లలో చాలామంది ఒకప్పుడు కూలి మగ్గం నేసినవారే కావడం వలన ఈ సంబంధం పూర్తిగా పగగా మారదు, పూర్తిగా స్నేహంగానూ ఉండదు.

చట్టం

వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. అది 1975 అక్టోబరు 25 నుండి అమలైనట్లు భావించబడుతుంది. అడ్వాన్సుకు బదులుగా కార్మికుడు వేరే చోట పని చేసుకొనే స్వేచ్ఛను, లేదా దేశంలో తిరిగే స్వేచ్ఛను కోల్పోతే అది వెట్టి అవుతుంది, ఆ బాకీ రద్దవుతుంది. అంటే అడ్వాన్సు ఇవ్వడం నేరం కాదు, దానితో మనిషిని కట్టివేయడం నేరం. మగ్గాల ఊళ్ళలో ఈ రెండింటి మధ్య గీత చాలా సన్నగా ఉంటుంది. బాకీ కట్టి పొమ్మనడం అప్పు వసూలా, నిర్బంధమా అనేది ఆ ఊరిలో అతనికి వేరే పని దొరుకుతుందా లేదా అనే విషయం మీద ఆధారపడుతుంది.

పోలికకు, 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ళు పూర్తికాకముందే ఉద్యోగం వదిలితే 2 లక్షల రూపాయలు కట్టాలన్న బాండు షరతును సమర్థించింది. ఆ అధికారి సొమ్ము కట్టి వేరే బ్యాంకుకు వెళ్ళగలిగాడు. కూలి మగ్గం నేసేవానికి అటువంటి చెల్లింపు తాహతు ఉండదు.

కార్మికుల కొరత

బాకీ నేతగాణ్ణి నిలుపగలిగింది గాని అతని పిల్లలను నిలుపలేకపోయింది. 2006 ఫిబ్రవరి 2న ఇదే జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం, అడ్వాన్సు తీసుకోకుండానే దొరికే కూలిని గ్రామాలకు తెచ్చింది. బెంగుళూరులో నిర్మాణ పనులు, కాపలా ఉద్యోగాలు, బళ్ళారిలో జీన్సు కుట్టే కేంద్రాలు ఉన్నాయి. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది (2022 ఏప్రిల్ 4 నుండి పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది). చదువుకున్న యువకునికి గుంటమగ్గంలో కూర్చోవడం కంటె ఇవి మేలుగా తోస్తాయి. మరమగ్గాల పోటీని అడ్డుకోవడానికి 1985లో చేనేత రిజర్వేషన్ చట్టం వచ్చింది, 1993లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అయినా చేనేత పేరుతో మరమగ్గం చీరలు అమ్ముడుపోవడం ఆగలేదు. కూలి పెరగకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ప్రత్యామ్నాయాలు

సహకార సంఘాలు నూలు ఇచ్చి కూలి చెల్లించడం ద్వారా అడ్వాన్సు అవసరాన్ని తగ్గించాలని ఉద్దేశించారు. 1976లో ఏర్పడిన ఆప్కో సంఘాల సరుకును అమ్మిపెడుతుంది. కాని పెండ్లికో, ఆస్పత్రికో అదే రోజు డబ్బు ఇవ్వగలిగింది మాస్టర్ వీవరే. 2019 డిసెంబరు 21న ధర్మవరంలో మొదలైన నేతన్న నేస్తం పథకం కింద 2023 వరకు ఐదు విడతలలో, విడతకు 24,000 రూపాయల చొప్పున ఇచ్చారు. అది సొంత మగ్గం ఉన్న కుటుంబాలకే వర్తించింది. అడ్వాన్సు బాకీలో ఎక్కువగా చిక్కుకొనే కూలి మగ్గాలవారు దాని పరిధిలోకి రాలేదు. 50 ఏళ్ళు నిండిన చేనేత కార్మికులకు ఇచ్చే పింఛను మాత్రం ఉభయులకూ అందుతుంది. 2024 జులై నుండి ఇది నెలకు 4,000 రూపాయలు.