కామాఠీపుర, తెలుగు: విడదీసి లెక్కేస్తే

మన పెద్దలు తెలంగాణ నుంచి కట్టడాల పనికి బొంబాయి వచ్చారు. వాళ్లను కామాఠీలన్నారు, వాళ్లున్న పేట కామాఠీపుర అయింది. పేట పేరు వింటేనే అక్కడ తెలుగు వినిపిస్తుందని మనకు తెలుసు. కంప్యూటర్‌కు తెలియదు. దాదర్‌లో కలిసినప్పుడల్లా సభ్యుల జాబితా కంప్యూటర్‌కెక్కించే మాట వస్తోంది గనుక ఈ చరిత్ర చెప్పుకుందాం.

1979లో ఐబీఎం సిస్టమ్ ఆర్ పరిశోధనలో పట్రీషియా సెలింజర్ బృందం, జవాబు వెతికే దారుల్లో చవకైనదాన్ని ముందే అంచనా కట్టే పద్ధతి ప్రకటించింది. అందులో ఖర్చంటే సెకన్లు కాదు. డిస్కు నుంచి తేవలసిన పేజీలు, ప్రాసెసర్ పని కలిపిన కొలత. రెండు షరతులుంటే, వాటికి సంబంధం లేదనుకుని పాళ్లను గుణించారు.

లక్ష పేర్ల జాబితా అనుకుందాం. నూటికి ఇద్దరు తెలుగువాళ్లు, నూటికి ఒకరు కామాఠీపుర వాసి. గుణిస్తే 20 మంది. నిజంగా 600 మంది ఉంటే? ఇరవైకి సరిపోయే దారి పట్టిన యంత్రం, ఒక్కో పేరుకూ మరో పట్టిక వెతుకుతూ 600 సార్లు తిరుగుతుంది.

2015లో విక్టర్ లైస్ బృందం సినిమాల సమాచారంపై పరీక్షించింది. పట్టికలు కలిపేకొద్దీ ఈ తప్పు పెరుగుతుందనీ, ఖర్చు సూత్రం కన్నా వరుసల లెక్క తప్పడమే ఎక్కువ చేటనీ తేల్చింది. రెండు గడుల సంబంధం మనమే చెప్పే వీలు 2017లో పోస్ట్‌గ్రెస్ 10తో వచ్చింది. ఏ విలువలు జంటగా ఎక్కువ వస్తాయో గుర్తుంచుకోవడం 2019లో 12తో వచ్చింది.

చాళ్లు వదిలి మనవాళ్లు వేరే చోట్లకు మారుతున్నారు. పాత లెక్క పట్టుకుంటే మళ్లీ అదే తంటా. జాబితా చేసే మన పిల్లలకు ఒక్క మాట: పేటనూ భాషనూ జంటగా చెప్పండి, గణాంకాలు తరచూ తాజా చేయించండి.